29160 స్కజీ కార్డు, డీడీఎస్-4 టేపులు, లైనక్స్: ఒక ప్రచురణ సంస్థ పాత ఫైళ్లు బయటికి తీసిన కేసు

విజయవాడలో ఒక పాత ప్రచురణ సంస్థ. 2000 తర్వాత మొదటి కొన్నేళ్లు వాళ్ల డీటీపీ విభాగంలో రెడ్‌హ్యాట్ లైనక్స్ సర్వర్ ఒకటి నడిచింది. ఆపరేటర్లు పేజ్‌మేకర్ అనే పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లన్నీ సాంబా అనే నెట్‌వర్క్ షేరింగ్ ద్వారా దాంట్లోకి చేరేవి, అక్కడి నుంచి వారం వారం టేపు మీదికి బ్యాకప్ అయ్యేవి. తర్వాత ఆ సర్వర్ మూలనపడింది. డిస్కులు పాడైపోయాయి. మిగిలింది అట్టపెట్టెడు డీడీఎస్-4 టేపులు, అంటే కంప్యూటర్ డేటా దాచే చిన్న క్యాసెట్లు. ఒక్కోదాని మీద నీలం పెన్నుతో పుస్తకాల పేర్లు, తేదీలు రాసి ఉన్నాయి.

యజమాని పెద్దాయన. పని గురించి చెప్పమంటే ఆయన టేపుల గురించి మాట్లాడలేదు, ప్రూఫుల గురించి మాట్లాడారు. "బాబూ, పుస్తకాలు నా దగ్గరున్నాయి. స్కాన్ చేసుకోవచ్చు, మళ్లీ టైపు చేయించుకోవచ్చు. కానీ ఆ కాపీని నాలుగుసార్లు దిద్దినవాళ్లు ఇప్పుడు లేరు. నాకు కావాల్సింది ఆ దిద్దిన కాపీ." తెలుగులో ఒత్తులూ దీర్ఘాలూ సరిగ్గా ఉన్న ఫైలు ఎంత విలువైనదో డీటీపీ పని తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మాటతోనే ఈ పని నేను తీసుకున్నాను.

ఈ టేపు డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపేది స్కజీ అనే పాత కనెక్షన్ పద్ధతి, దానికి వాడుతున్నది అడాప్టెక్ 29160 అనే కార్డు. నాకంటే ముందు ఒకరు ప్రయత్నించి వదిలేశారు. ఆయన ఇచ్చిపోయిన తీర్పు: "ఈ కార్డుకు కొత్త లైనక్స్‌లో డ్రైవర్ సరిగ్గా లేదు." కొత్త కర్నెల్ (లైనక్స్ గుండెకాయ), ఇరవై ఏళ్ల నాటి కార్డు అనగానే అందరికీ మొదట వచ్చే అనుమానం అదే. ఈ కేసులో డ్రైవర్ మొదటి నిమిషం నుంచీ బాగానే పనిచేసింది. తప్పులన్నీ వైరులోనూ బోర్డులోనూ ఉన్నాయి. ఎక్కడున్నాయో లాగ్‌లో, అంటే కర్నెల్ రాసుకునే చిట్టాలో, ఆ డ్రైవరే చెబుతూ వచ్చింది. నేను వివరంగా రాస్తున్నది అందుకే.

నా చేతికి వచ్చిన సరంజామా

అడాప్టెక్ 29160 కార్డు. హెచ్‌పీ డీడీఎస్-4 టేపు డ్రైవ్, బయట పెట్టుకునే రకం, వెనక రెండు 68 పిన్నుల పోర్టులు. రెండు ముక్కలు కలిపి పొడుగు చేసిన కేబుల్. ఎక్కడి నుంచో తెచ్చిన ఒక పాత టెర్మినేటర్, అంటే కేబుల్ కొసన సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే బిరడా. కంప్యూటర్ హెచ్61 చిప్‌సెట్ బోర్డు, అందులో ఒక పీసీఐ స్లాటు (కార్డులు గుచ్చే పాత రకం గాడి), మీద డెబియన్ 12 లైనక్స్.

29160 నిజానికి 64 బిట్ల పీసీఐ కార్డు. మామూలు 32 బిట్ల స్లాటులో పెడితే బంగారు పిన్నుల వెనక భాగం గాల్లో వేలాడుతుంది. చూడ్డానికి తప్పుగా పెట్టినట్టు అనిపించినా ఇబ్బందేమీ లేదు, అలా పనిచేయడానికే దాన్ని తయారుచేశారు. ఆ వేలాడే భాగం కింద బోర్డు మీద కెపాసిటర్ లాంటిదేదైనా తగులుతోందేమో ఒకసారి చూసుకుంటే చాలు. వేగం తగ్గుతుందన్న బెంగ కూడా వద్దు. 32 బిట్ల స్లాటు సెకనుకు 133 ఎంబీ దాకా మోస్తుంది, డీడీఎస్-4 టేపు ఇచ్చేది సెకనుకు సుమారు 3 ఎంబీ.

పీసీఐ కార్డుల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం కొడితే కార్డు 9005:0080 అన్న నంబరుతో కనిపించింది. దాని కింద కర్నెల్ మాడ్యూల్, అంటే డ్రైవర్, ఏఐసీ7ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అని వచ్చింది, అది లోడ్ అయ్యే ఉంది. లాగ్‌లో "అడాప్టెక్ 29160 అల్ట్రా160", చిప్ ఏఐసీ-7892, హోస్టు ఐడీ (కార్డు సొంత నంబరు) 7 అన్న వరుసలు సక్రమంగా ఉన్నాయి. డ్రైవర్ లేదనే మాటకు ఇక్కడితో చోటు లేదు.

ఈ డ్రైవర్ గురించి రెండు మాటలు. దీని మూలం 1994లో కాల్గరీ విశ్వవిద్యాలయంలో జాన్ ఏకాక్ రాసిన కోడ్. తర్వాత ఎందరో చేతులు వేశారు, జస్టిన్ గిబ్స్ దాన్ని తిరగరాశారు. అడాప్టెక్ స్టోరేజ్ వ్యాపారాన్ని 2010లో పీఎంసీ-సియెరా కొనేసింది, దాన్ని మైక్రోసెమీ, దాన్ని మళ్లీ మైక్రోచిప్ కొన్నాయి. కార్డు చేసిన కంపెనీ ఇన్ని చేతులు మారినా డ్రైవర్ మాత్రం కర్నెల్‌లో అలాగే ఉంది. అయితే అన్ని డిస్ట్రిబ్యూషన్లలోనూ ఉండదు. ఉదాహరణకు రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8లో దీని తమ్ముడు ఏఐసీ79ఎక్స్‌ఎక్స్‌ను తీసేశారు. పాత స్కజీ పనికి నేను డెబియన్ ఎంచుకోవడానికి అదే కారణం.

మొదటి పొర: వైరు

టేపు డ్రైవ్ ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు. కనిపించినప్పుడు స్కజీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌స్కజీలో పేరు సరిగ్గా వస్తుంది, టేపు పెట్టి చదవబోతే ఆగిపోతుంది. ఆగిన ప్రతిసారీ లాగ్‌లో ఒకే వరుస: "ప్యారిటీ ఎర్రర్ డిటెక్టెడ్ ఇన్ డేటా-ఇన్ ఫేజ్." దాని తర్వాత అబార్ట్ ప్రయత్నం, ఆ తర్వాత "డంప్ కార్డ్ స్టేట్ బిగిన్స్" అంటూ పేజీల కొద్దీ రిజిస్టర్ల విలువలు.

ఆ డంప్ చూసి చాలామంది భయపడతారు. అన్ని హెక్స్ అంకెలు చూడగానే డ్రైవరే కూలిపోయిందనుకుంటారు. నాకంటే ముందు వచ్చినాయనకు బహుశా అక్కడే మనసు విరిగి ఉంటుంది. కానీ చదవాల్సింది ఆ డంప్ కాదు, దానికి ముందున్న ఆ ఒక్క వరుస. ప్యారిటీ (బిట్లు సరిగ్గా చేరాయో చూసే లెక్క) తప్పిందంటే డ్రైవ్ పంపిన బిట్లు దారిలో మారిపోయాయని అర్థం. ఏ సాఫ్ట్‌వేరూ తీగ మీద బిట్‌ను మార్చదు.

ఇది నిజంగా వైరు సమస్యేనా అని తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది: వేగం తగ్గించి చూడటం. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోటు) ఎస్‌పీఐ ట్రాన్స్‌పోర్ట్ అనే డైరెక్టరీ ఉంటుంది, అందులో ప్రతి స్కజీ ఐడీకీ ఒక ఫోల్డర్. అక్కడ మిన్-పీరియడ్ ఫైలులో 100 అని రాసి, రీవ్యాలిడేట్ ఫైలులో 1 రాస్తే, కార్డు డ్రైవ్‌తో మళ్లీ బేరమాడి సిగ్నల్ పీరియడ్‌ను 100 నానోసెకండ్ల కంటే తగ్గనివ్వదు. అంటే 10 మెగాహెర్ట్జ్. రీబూట్ అక్కర్లేదు, కార్డు బయోస్‌లోకి వెళ్లక్కర్లేదు. కొత్త బోర్డుల్లో కంట్రోల్-ఏ నొక్కే ఆ పాత బయోస్ తెర చాలాసార్లు అసలు రానే రాదు, కాబట్టి ఈ దారి తెలిసి ఉండటం మంచిది. వేగం తగ్గించగానే ఎర్రర్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. అంటే అనుమానం సరైనదే: సిగ్నల్ పాడవుతోంది.

ఆ పక్కనే ఎస్‌పీఐ హోస్టు ఫోల్డర్‌లో సిగ్నలింగ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. క్యాట్ ఆదేశంతో చదివితే ఒక్క మాట చెబుతుంది. మాకు వచ్చిన జవాబు "ఎస్‌ఈ".

కేసు తిరిగింది ఇక్కడే. 29160 ఎల్‌వీడీ కార్డు, డ్రైవ్ కూడా ఎల్‌వీడీ డ్రైవ్. ఎల్‌వీడీలో ప్రతి సిగ్నల్‌కూ రెండు తీగలు ఉంటాయి, రెంటి మధ్య తేడానే సమాచారం. బయటి నుంచి వచ్చే అలజడి రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా మారదు. అందుకే ఎల్‌వీడీ కేబుల్ 12 మీటర్ల దాకా వెళ్లగలదు. ఎస్‌ఈ అంటే సింగిల్ ఎండెడ్, సిగ్నల్‌కు ఒకే తీగ, రెండోది గ్రౌండ్. అల్ట్రా వేగంలో, నాలుగు లేదా అంతకంటే తక్కువ పరికరాలున్నప్పుడు దాని హద్దు 3 మీటర్లు. మా అతుకుల కేబుల్ ఆ హద్దు దాటి ఉంది. పైగా మధ్యలో ఒక అతుకు.

మరి రెండు ఎల్‌వీడీ పరికరాలు ఉన్న బస్ (కార్డు, డ్రైవ్‌లు పంచుకునే ఆ తీగల దారి) ఎస్‌ఈగా ఎందుకు మారింది? బస్‌లో డిఫ్‌సెన్స్ అనే ఒక తీగ ఉంటుంది. బస్ మీద ఉన్నవాళ్లంతా దాని మీది వోల్టేజీ చూసి ఏ పద్ధతిలో మాట్లాడాలో నిర్ణయించుకుంటారు. 0.7 నుంచి 1.9 వోల్టుల మధ్య ఉంటే ఎల్‌వీడీ. అర వోల్టు కంటే కిందికి పోతే ఎస్‌ఈ. 2.4 దాటితే హెచ్‌వీడీ, అది పాత, వేరే జాతి. ఎస్‌ఈ మాత్రమే తెలిసిన పరికరం ఏదైనా ఆ తీగను గ్రౌండ్‌కు కలిపేస్తుంది. దాంతో మిగతావాళ్లంతా ఎస్‌ఈకి దిగిపోవాల్సిందే.

మా బస్ మీద అలాంటి పరికరం ఏదీ లేదు. టెర్మినేటర్ ఉంది. దాన్ని ఊడదీసి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో యాక్టివ్, సింగిల్ ఎండెడ్ అని ఉంది. దానికి పరికరంగా బస్‌లో లెక్క లేదు, ఐడీ లేదు, స్కాన్‌లో కనిపించదు. అయినా బస్ మొత్తాన్ని ఎస్‌ఈకి దింపింది అదే. ఎవరూ దాన్ని అనుమానించలేదు, ఎందుకంటే పోర్టులో చక్కగా పట్టింది, 68 పిన్నులూ సరిపోయాయి. 68 పిన్నుల టెర్మినేటర్లు బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. కొనేముందు దాని మీద ఎల్‌వీడీ-ఎస్‌ఈ అని, లేదా మల్టీమోడ్ అని రాసి ఉందో లేదో చూడాలి.

మల్టీమోడ్ టెర్మినేటర్, ఒక మీటరు కేబుల్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సర్వర్ సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర దొరికాయి. బస్సు పార్సిల్‌లో వచ్చాయి. టెర్మినేటర్ మీద చిన్న ఎల్‌ఈడీ ఉన్నది అడిగి తెప్పించాను. ఆ దీపం వెలిగితే కార్డు నుంచి టెర్మినేటర్‌కు పవర్ వస్తోందని అర్థం. ఆ పవర్ ఇచ్చే లైనుకు కార్డు మీద ఒక ఫ్యూజ్ ఉంటుంది. అది పోతే టెర్మినేటర్ ఎంత మంచిదైనా పనిచేయదు, లక్షణాలు మాత్రం కేబుల్ పాడైనట్టే ఉంటాయి. దీపం ఉంటే ఆ అనుమానం చూపుతోనే తీరిపోతుంది.

మార్చాక సిగ్నలింగ్ ఫైలు "ఎల్‌వీడీ" అంది. డొమైన్ వ్యాలిడేషన్, అంటే ఆ వేగంలో డేటా సరిగ్గా వస్తోందో లేదో చూసే పరీక్ష, మొదలైంది, ముగిసింది, మధ్యలో ఒక్క ఫిర్యాదు లేదు. ప్యారిటీ ఎర్రర్లు ఆ రోజుతో పోయాయి.

ఇక్కడ ఒక అలవాటు చెప్పాలి. టేపు పనుల్లో నేను బస్‌ను పూర్తి వేగంతో నడపను. సెకనుకు 3 ఎంబీ ఇచ్చే డ్రైవ్‌కు 160 ఎంబీ బస్ ఎందుకు? మిన్-పీరియడ్‌ను 50 దగ్గర, అంటే 20 మెగాహెర్ట్జ్, 16 బిట్లలో సెకనుకు 40 ఎంబీ దగ్గర కట్టేస్తాను. పనిలో ఒక్క సెకను కూడా నష్టం లేదు, సిగ్నల్‌కు మాత్రం బోలెడంత ఊపిరి దొరుకుతుంది. ఇలాంటి చోట వేగం చూపించుకోవడం నాకు నచ్చదు. టేపు మీదున్నది మరెక్కడా లేని కాపీ.

రెండో పొర: ఇంటరప్టు

ఎర్రర్లు పోయాయి, టేపు చదవడం మొదలైంది. డ్రైవ్ చక్కగా గిరగిరా తిరుగుతోంది. కాసేపటికి శబ్దం మారింది. తిరగడం, ఆగడం, వెనక్కి రావడం, మళ్లీ తిరగడం. టేపు డ్రైవ్‌లతో పనిచేసేవాళ్లకు ఈ శబ్దం బాగా తెలుసు. కంప్యూటర్ డేటా అడగడంలో ఆలస్యం చేస్తే డ్రైవ్ టేపును ఆపి, కొంచెం వెనక్కి చుట్టి, మళ్లీ ఊపు అందుకోవాలి. ఇది టేపుకూ మంచిది కాదు, హెడ్‌కూ మంచిది కాదు. పాత టేపును ఇలా గంటల తరబడి ముందుకూ వెనక్కూ రుద్దనివ్వకూడదు. వెంటనే ఆపేశాను.

ఆ గదిలోని సిస్టం ఆపరేటర్ అడిగాడు: "అన్నా, నిన్నటిలా ఎర్రర్ ఏం రాలేదుగా, మరి ఎందుకు ఆపావు?" నిజమే, స్కజీ వైపు నుంచి ఒక్క ఎర్రర్ కూడా లేదు. దానికి కారణం ఉంది. టేపు డ్రైవర్ ఎస్‌టీలో మామూలు ఆదేశానికి టైమౌట్ 900 సెకన్లు, అంటే 15 నిమిషాలు. రివైండ్ లాంటి పొడుగు పనులకు 14,000 సెకన్లు. డిస్కు అయితే అర నిమిషంలో గోల పెట్టేది. టేపు నిజంగానే నిదానం వస్తువు కాబట్టి కర్నెల్ ఓపిక పడుతుంది. టేపు హ్యాంగ్ అయిందని మనం అనుకునే సమయానికి కర్నెల్ ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది. చాలామంది ఈలోపే పవర్ తీసేస్తారు, లాగ్‌లో ఏమీ మిగలదు.

స్కజీ వరుసలు వదిలేసి లాగ్ మొత్తం పైనుంచి చదివితే అసలు విషయం దొరికింది: "ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్." కిందనే "డిసేబ్లింగ్ ఐఆర్‌క్యూ 16." ఐఆర్‌క్యూ అంటే ఇంటరప్ట్ లైను, పని పడిందని కార్డు ప్రాసెసర్‌ను పిలిచే గంట లాంటిది. ఇంటరప్టుల పట్టిక చూస్తే 16 మీద మా స్కజీ కార్డే ఉంది.

ఇది అర్థం కావాలంటే పీసీఐ ఇంటరప్ట్ ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. పాత పీసీఐ కార్డుకు పని పడితే ఒక తీగను కిందికి లాగి పట్టుకుంటుంది. డ్రైవర్ వచ్చి పని చూశాక వదిలేస్తుంది. ఏఐసీ7ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ వాడేది ఈ పాత పద్ధతే. కానీ పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో అలాంటి తీగే లేదు. దాని బదులు రెండు సందేశాలుంటాయి, పట్టుకున్నాను అని ఒకటి, వదిలాను అని ఇంకొకటి. హెచ్61 చిప్‌సెట్‌లో అసలు పీసీఐ లేదు. ఇంటెల్ 6 సిరీస్ నుంచి ఇళ్లలో వాడే చిప్‌సెట్లలో దాన్ని తీసేసింది. అయినా బోర్డు మీద పీసీఐ స్లాటు ఉందంటే, మధ్యలో ఒక బ్రిడ్జ్ చిప్ కూర్చుని తీగ భాషను సందేశాల భాషలోకి మారుస్తోందని అర్థం.

ఈ బోర్డు మీది బ్రిడ్జ్ అప్పుడప్పుడు రెండో సందేశం పంపడం మర్చిపోతోంది. కార్డు తీగను వదిలేసింది, కానీ ఆ కబురు పైకి చేరలేదు. కర్నెల్ దృష్టిలో ఇంటరప్ట్ ఇంకా మోగుతూనే ఉంది. మళ్లీ మళ్లీ డ్రైవర్‌ను పిలుస్తుంది. "నాకేం పని లేదు" అని డ్రైవర్ నిజమే చెబుతుంది. లక్ష ఇంటరప్టుల్లో 99,900 దాటి ఇలా ఎవరిదీ కాకుండా పోతే, కర్నెల్ ఆ లైనును మూసేస్తుంది. మూసేశాక పూర్తిగా వదిలేయదు, సెకనుకు పదిసార్లు మాత్రం తొంగిచూస్తుంది. పదిసార్లు చూసే దారిలో టేపు ఎలా పరుగెత్తుతుంది? ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ బయల్దేరిన ఆ శబ్దానికి కారణం ఇదే.

ఇదొక్క బోర్డు సంగతి కాదు. ఆ తరం బోర్డుల్లో ఇలాంటి బ్రిడ్జ్‌లున్నవి చాలా వచ్చాయి. సౌండ్ కార్డు, టీవీ ట్యూనర్ కార్డు పెట్టుకున్నవాళ్లు కూడా ఇదే వరుస చూశారు. బూట్ లైనులో ఐఆర్‌క్యూపోల్ అని చేరిస్తే బండి నడుస్తుంది. ఎవరిదీ కాని ఇంటరప్ట్ వచ్చినా, టైమర్ మోగినా కర్నెల్ అందరి తలుపులూ తడుతుంది కాబట్టి మూసుకుపోయిన లైను కూడా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. సౌండ్ కార్డుకు నేను కూడా అదే పెట్టుకోమంటాను. ఈ టేపులకు మాత్రం ఒప్పుకోలేదు. వరుసగా రెండు గంటలు ఒకే వేగంతో సాగాల్సిన పని ఇది, కింద పునాది ఊగుతుంటే పైన పట్టీలు వేసి లాభం లేదు.

పరిష్కారం చాలా చౌకగా దొరికింది. జీ41 చిప్‌సెట్ బోర్డు, కోర్ 2 డ్యుయో ప్రాసెసర్. మన ఊళ్లలో రిపేరు షాపులో అడిగితే అటక మీద నుంచి తీసి ఇచ్చే సామాను. దాంట్లో సౌత్‌బ్రిడ్జ్ (చిప్‌సెట్‌లో రెండో చిప్) ఐసీహెచ్7, పీసీఐ దాని కడుపులోనే ఉంటుంది, మధ్యవర్తి ఎవరూ లేరు. కొనేముందు షాపులోనే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఎల్‌ఎస్‌పీసీఐ చెట్టు చూశాను. పీసీఐ స్లాటు 00:1ఈ.0 దగ్గరున్న ఇంటెల్ 82801 బ్రిడ్జ్ కింద కనిపిస్తే అది చిప్‌సెట్‌దే. ఎక్స్‌ప్రెస్ రూట్ పోర్టు కింద వేరే కంపెనీ బ్రిడ్జ్ కనిపిస్తే ఆ బోర్డు ఈ పనికి వద్దు. డెబియన్ డిస్కును అలాగే తీసి ఇందులో పెట్టాం, మార్పులేవీ లేకుండా బూట్ అయింది.

పవర్ వేసే వరుస కూడా గోడ మీద రాసి అంటించాను: ముందు టేపు డ్రైవ్, అది తనను తాను చూసుకుని స్థిమితపడ్డాక కంప్యూటర్. ఎవరైనా తిరగేసి వేస్తే రీబూట్ అక్కర్లేదు, స్కజీ హోస్టు ఫోల్డర్‌లోని స్కాన్ ఫైలులో మూడు అడ్డగీతలు మధ్యలో ఖాళీ వదిలి రాస్తే బస్‌ను మళ్లీ వెతుకుతుంది.

టేపు మీద ఉన్నది

కార్డు పని అయిపోయింది, కానీ మరో అడ్డంకి మిగిలింది. ఫైళ్లను మూటగట్టి విప్పే టార్ ఆదేశంతో మొదటి టేపు జాబితా అడిగితే "కెనాట్ అలొకేట్ మెమరీ" అంది. ఆపరేటర్ వెంటనే ర్యామ్ పెంచుదామన్నాడు. ఇది ర్యామ్ సంగతి కాదు. టేపు మీద డేటా బ్లాకులుగా ఉంటుంది, ఒక రీడ్‌కు ఒక బ్లాకు. మనం అడిగిన సైజు కంటే టేపు మీది బ్లాకు పెద్దదైతే ఎస్‌టీ డ్రైవర్ ఇచ్చే జవాబు ఈ మెమరీ ఎర్రరే. టార్ తనంతట తాను అడిగేది 10,240 బైట్లు.

టేపు మీది బ్లాకు సైజు కనుక్కోవడం తేలిక. టేపు డ్రైవ్‌ను నడిపే ఎంటీ ఆదేశంతో సెట్‌బ్లాక్ 0 ఇచ్చి డ్రైవ్‌ను వేరియబుల్ పద్ధతిలో పెట్టాలి. తర్వాత ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ ఆదేశంతో 256కే సైజు అడిగి ఒకే ఒక్క బ్లాకు చదివి, ఎన్ని బైట్లు వచ్చాయో లెక్కపెట్టాలి. 65,536 వచ్చింది. అంటే ఆ రోజుల్లో ఎవరో బ్యాకప్ స్క్రిప్టులో బ్లాకింగ్ 128 (అంటే 128 సార్లు 512 బైట్లు) అని పెట్టారు. టేపు ఆగకుండా సాగాలని తెలిసి పెట్టినట్టుంది. ఆ మనిషెవరో తెలియదు గానీ పని తెలిసినవాడు.

పరికరం పేరు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఎస్‌టీ0 వాడితే ఫైలు మూయగానే టేపు మొదటికి చుట్టుకుపోతుంది. ఎన్‌ఎస్‌టీ0 అయితే ఉన్నచోటే ఆగుతుంది. ఒకే టేపు మీద ఒకదాని వెనక ఒకటి చాలా బ్యాకప్పులున్నాయి, మధ్యలో హద్దు గుర్తులుగా ఫైల్‌మార్కులు. కాబట్టి ఎన్‌ఎస్‌టీ0 మీద డీడీ నడిపి, ఒక్కో ఫైల్‌మార్కు దాకా ఉన్నదాన్ని ఒక్కో ఇమేజ్‌గా డిస్కు మీదికి తీసుకున్నాను. టార్ విప్పడం డిస్కు మీదే, టేపు మీద కాదు. ప్రతి టేపూ పెట్టేముందు రైట్ ప్రొటెక్ట్ ట్యాబ్ జరిపాను. రెండోసారి చదివి, రెండు ఇమేజ్‌ల షా256 (ఫైలు వేలిముద్ర లాంటి అంకె) సరిపోయిందో లేదో చూశాకే టేపు పెట్టెలోకి పోయింది. నిండు టేపు 20 జీబీ, రెండు గంటల లోపే. శబ్దం మొదటి నుంచి చివరిదాకా ఒకటే.

పెద్దాయన మొదటి పుస్తకం తెరపై చూసినప్పుడు ఫాంటు లేక పేజీ అంతా పిచ్చి అక్షరాలుగా వచ్చింది. ఆయన మొహం వాడిపోయింది. ఆ కాలం తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చినవి. అదే టేపు మీద ఫాంట్ల ఫోల్డర్ కూడా ఉంది. దాన్ని వేసి మళ్లీ తెరిచాక, ఆయన కళ్లజోడు సరిచేసుకుని మూడో పేజీలో ఒక మాట మీద వేలు పెట్టారు. "ఇది చూడండి. అచ్చయిన పుస్తకంలో ఈ ఒత్తు తప్పు పడింది. రెండో ముద్రణకని దిద్దించాను. ఉంది."

చదవని టేపు

పెట్టెలో ఒక టేపు మాత్రం మొరాయించింది. కొంత దూరం చదివి మీడియం ఎర్రర్ అంటుంది. క్లీనింగ్ క్యాసెట్ వేసినా మార్పు లేదు. ఇంతకుముందు చూసినవాటికీ దీనికీ తేడా లాగ్‌లోనే ఉంది. ఈసారి ఫిర్యాదు చేస్తున్నది కార్డు కాదు, డ్రైవ్. సెన్స్ కీ 3 అంటే డ్రైవ్ తన హెడ్ కింద ఉన్నదాన్ని చదవలేకపోతున్నానని చెప్పడం. బస్ నిక్షేపంగా ఉంది.

డీడీఎస్ టేపు 4 మిల్లీమీటర్ల వెడల్పు. తిరిగే డ్రమ్ము మీది హెడ్లు దాని మీద ఏటవాలు గీతలుగా రాస్తాయి. రాసిన డ్రైవ్ అమరిక ఒక్క పిసరు పక్కకు జరిగి ఉంటే, అది రాసినది అదే చదవగలదు, వేరే డ్రైవ్‌కు ఆ గీతలు అందవు. ఈ టేపు మీది తేదీ పాత సర్వర్ చివరి రోజులది. అందుకే పాత సర్వర్ ఎక్కడుందని అడిగాను. గోడౌన్‌లో కాగితం కట్టల కింద క్యాబినెట్ ఉంది, డ్రైవ్ అందులోనే ఉంది.

అది లోపల బిగించే డ్రైవ్. 29160 మీద లోపలి వైపు కూడా 68 పిన్నుల ఎల్‌వీడీ సాకెట్ ఉంది. దాని పక్కనే ఎస్‌ఈ పరికరాల కోసం వేరే సాకెట్లుంటాయి, వాటిని ఎల్‌వీడీ వైపు నుంచి ఒక బ్రిడ్జ్ చిప్ వేరుచేస్తుంది, ఈ డ్రైవ్‌ను వాటికి తగిలించకూడదు. బయటి డ్రైవ్‌ను కూడా ఉంచుతూ దీన్ని కలిపితే కార్డు బస్ చివర నుంచి మధ్యకు వస్తుంది. టెర్మినేషన్ రెండు చివర్లలోనే ఉండాలి కాబట్టి కార్డు తన టెర్మినేషన్ వదులుకోవాలి. సెట్టింగ్ ఆటోమేటిక్‌లో ఉంటే దానంతట అదే వదులుకుంటుంది. ఇటు చివర బయటి డ్రైవ్ మీది మల్టీమోడ్ టెర్మినేటర్, అటు చివర లోపలి రిబ్బన్ కేబుల్ కొసకు మరో టెర్మినేటర్. ఎల్‌వీడీ డ్రైవ్‌లకు చాలావరకు సొంత టెర్మినేషన్ ఉండదు, కాబట్టి కేబుల్ కొసన అది తప్పనిసరి.

రెండు డ్రైవ్‌ల ఐడీ ఒకటే ఉంది. లోపలిదాని జంపర్ మార్చి వేరేది ఇచ్చాను. ఎవరికైనా స్కాన్‌లో ఒకే డ్రైవ్ 0 నుంచి 6 దాకా అన్ని ఐడీల మీదా కనిపిస్తే, ఆ డ్రైవ్‌కు పొరపాటున కార్డు ఐడీ అయిన 7 ఇచ్చారేమో చూసుకోవాలి.

దుమ్ము దులిపి, క్లీనింగ్ క్యాసెట్ తిప్పి, పనికిరాని ఒక ఖాళీ టేపుతో లోడింగ్ మెకానిజం సరిగ్గా ఉందని చూసుకున్నాకే ఆ టేపు పెట్టాను. సిగ్నలింగ్ ఎల్‌వీడీ, మిన్-పీరియడ్ 50. రాసిన డ్రైవ్ తన టేపును చివరిదాకా చదివింది. రెండోసారి చదివించాను, షా256 సరిపోయింది. ఇమేజ్‌లు రెండు వేర్వేరు డిస్కుల మీద పెద్దాయనకు ఇచ్చాను. జీ41 కంప్యూటర్ కార్డుతో, డ్రైవ్‌లతో సహా అక్కడే ఉంది. ఆయన దగ్గర ఇంకో అలమరా టేపులున్నాయట.